పూలా తోక

"కుక్కతో లోపలికి పంపనమ్మా. కొత్త తివాచీలు పరిచాక మేడమ్ గారు వేసిన ఆర్డరు," అన్నాడు మునిసిపల్ ఆఫీసు గార్డు.

"చూపులేనివాళ్లని నడిపించే కుక్కని ఆపకూడదని చట్టమే ఉంది నాయనా. సొవెటో టాక్సీవాడే నోరెత్తకుండా ఎక్కించుకున్నాడు, మీ తివాచీలకేం వచ్చింది?" దికెలేడి తన కుక్క పూలా పట్టీని బిగించి పట్టుకుంది. "ఆ మేడమ్‌నే పిలువు."

"మేడమ్ గారు... లేరమ్మా," గార్డు నసిగాడు.

అంతలో పూలా తోక బల్లకేసి టపటపా కొట్టుకోసాగింది.

ఒంటికి పట్టీ కట్టి పనిలో ఉన్నప్పుడు పూలా ఎవరికీ తోక ఊపదు. అలాగే నేర్పారు. ఆ కట్టు తప్పేది ఒక్క కెయా దగ్గరే. కూనగా ఉన్నప్పుడు ఏడాదిపాటు ఇంట్లో పెట్టుకుని పెంచి, "ఇక నీకు ఏ తలుపూ మూసుకోదక్కా" అంటూ తెచ్చి చేతికిచ్చింది కెయానే.

"ఆర్డరు వేసిన మేడమ్‌వి నువ్వేనా కెయా? నాకు కనపడదని పలక్కుండా నిలబడ్డావా?"

ఎత్తుమడమల చెప్పులు మెల్లగా వెనక్కి జరిగిన చప్పుడైంది. పూలా ఆశగా కుయ్యిమంది.

దికెలేడి వంగి దాని తల నిమిరింది.

"ఊరుకోవే తల్లీ. మనవాళ్లెవరూ లేరట ఇక్కడ."