తల లేని పురుగు

జోలీన్ అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే: తను అటు తిరిగిన క్షణంలో పిల్లలు ఏదో ఒకటి నోట్లో పెట్టుకుంటారని. ఇవాళ అదే జరిగింది.

"గట్టిగా పట్టుకో, తల కదలనివ్వకు!" నర్సు కెర్రడ్ అరిచాడు.

జోలీన్ ఒళ్లో రెండేళ్ల కూతురు పిప్పా పెదవులు ఉబ్బిపోయి, చొంగ కారుతోంది. నాలుక మీద సన్నటి వెంట్రుకలు గుచ్చుకుని ఉన్నాయి. కెర్రడ్ పట్టకారుతో నోట్లోంచి గొంగళిపురుగు ముక్క తీసి గిన్నెలో వేశాడు. ఆ చిన్న ఊరి ఆస్పత్రిలో ఉన్నది అతనొక్కడే. డాక్టరును తెచ్చే విమానం ఇంకా బయల్దేరనే లేదు.

"రెండో పిల్లేదీ?"

"వినీనా? మా నాన్న దగ్గర పడుకుంది. అది బంగారం, కిక్కురుమనదు. కవలలన్న మాటే గానీ అల్లరంతా దీనిదే."

ఫోను తెరలో గ్వెండా కళ్లజోడు సర్దుకుంటోంది. నగరంలోని మ్యూజియంలో గొంగళిపురుగుల్ని, అవి ఎదిగి అయ్యే చిమ్మటల్ని కుటుంబాలుగా విడదీసే పెద్దావిడ.

"వెంట్రుకల పురుగులు ఒక్క కుటుంబంలోనే పుట్టవు కెర్రడ్. కొన్నిటికైతే కడిగితే చాలు. కొన్నిటికి కడిగావో, ముళ్లు విరిగి గొంతులోకి దిగుతాయి. పిల్లకి ఊపిరాడదు. తల చూపించు."

"తల లేదు. ఇది తోక ముక్క."

"ఖర్మ! తల లేని పురుక్కి కులగోత్రాలు చెప్పమంటావా?"

"ముందు నీళ్లు పట్టండి! నోరు మండిపోతోంది దానికి!" జోలీన్ గ్లాసు అందుకుంది.

"దింపు!" తెరలోంచి కేక. "ఏడుపు తర్వాత అమ్మాయ్. పురుగు ఏ చెట్టు కింద దొరికింది?"

"పెరట్లో తుమ్మ."

"చెట్టు మొదట్లో గూడుందా?"

"ఉంది, మాసిన సంచిలా. రేపు తగలబెడదామనుకున్నా..."

"పురుగులు ఎలా నడుస్తాయి?"

"ఒకదాని వెనక ఒకటి. రైలు పెట్టెల్లా."

"కెర్రడ్, వెంట్రుకను భూతద్దం కింద పెట్టు."

"ముళ్లున్నాయి. చేప ముల్లుకి మల్లే."

గ్వెండా ఊపిరి వదిలింది. "తుమ్మచెట్టు ఒక్కటే చూసి చెప్పలేను, గూడు చూసీ చెప్పలేను. అన్నీ కలిపితే మాత్రం ఇంకో మాట లేదు. వరసకట్టి నడిచే వాటి కుటుంబమే. చుక్క నీళ్లు తగలనివ్వకు. ఒక్కొక్కటే పీకు."

జోలీన్ పిల్ల చేతులు పట్టుకుని కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఆఖరి వెంట్రుక కూడా గిన్నెలో పడింది, పిప్పా ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. కెర్రడ్ టార్చి వేసి గొంతు చూశాడు.

"శుభ్రంగా ఉంది. లోపలికి ఏమీ దిగలేదు. దొంగపిల్లా, చంపేశావు కదే మమ్మల్ని!"

జోలీన్ నేల మీదే కూర్చుండిపోయింది.

"తల దొరికితే దాచండర్రా," అంది గ్వెండా. "నాక్కావాలి."

"చెట్టు కిందంతా వెతికానమ్మా. ఎక్కడా లేదు." జోలీన్ మొదటిసారి నవ్వింది.

వాపు తగ్గడానికి కెర్రడ్ ఒక పుల్ల ఐసు తెచ్చి పిప్పా చేతిలో పెట్టాడు. పిప్పా దాన్ని ఠక్కున రెండుగా విరిచింది. ఒక ముక్క తన నోట్లో పెట్టుకుంది. రెండో ముక్కను పక్కనున్న ఖాళీ చోటుకేసి చాపింది.

"వినీ, ఆ..." అంది.

జోలీన్ నవ్వు ఆగిపోయింది. చూపు గిన్నెలోని తోక ముక్క మీద పడింది. ఇంటికి ఫోను చేసింది. మోగింది, మోగుతూనే ఉంది. తాత చెవి మిషను తీసి కునుకు తీసే వేళ. ఆమె బయటికి పరుగెత్తి, బండిలో చుట్టుపక్కల వాళ్లతో మాట్లాడే రేడియో మైకు అందుకుంది.

"ఎవరైనా వింటున్నారా? వాగు దాటాక ఎర్ర గేటున్న ఇల్లు. ఆ దారిన ఎవరున్నా సరే, మీ కాళ్లు పట్టుకుంటా, తలుపు తట్టకండి, తోసుకుని వెళ్లండి. నా వినీ నిద్రపోతోందో లేదో ఒక్కసారి చూడండి."