మావాడు

ఒక చేతిలో చొక్కా, ఇంకో చేతిలో ఊడిన గుండీ. పెద్దాయన కుట్టు దుకాణం గడపలో నిలబడి ఇకిలిస్తున్నాడు.

"మళ్ళీ ఊడిందా?" అంది ఆమె, మిషను ఆపకుండానే.

"నా తప్పేం లేదు తల్లీ. మావాడు నవ్వించాడు. పొట్ట పొంగింది, గుండీ ఎగిరింది."

ఎప్పుడూ అదే బూడిదరంగు చొక్కా. ఎప్పుడూ అదే చోట గుండీ. ఏం పని చేస్తాడో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన చెప్పేదంతా మావాడి సంగతులే.

"ఈసారి ఏం చేశాడేం?" అంది, అడక్కపోతే బాగుండదని.

అంతే. పెద్దాయన స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"నవ్వులమ్మా! ఎవరి నవ్వు వాళ్ళకి అప్పజెప్పేస్తాడు. వాళ్ళ హెడ్మాస్టరు నవ్వు పాత స్కూటరులాంటిది. నాలుగు కిక్కులు కొడితేగానీ అందుకోదు, అందుకుంటే ఆగదు. మావాడు ఆ కిక్కులతో సహా దించేస్తాడు!"

కొలతలివ్వడానికి వచ్చినావిడ మూతి తిప్పింది.

"చదువెలా ఉంటుందేం? మా అమ్మాయికి అన్నిట్లో ఫస్టే."

"ఫస్టులదేముందమ్మా, క్లాసుకొకరు ఎలాగూ ఉంటారు. ఖాళీ బిందె మెట్లమీంచి దొర్లినట్టు నవ్వడం మీ అమ్మాయికొచ్చా? మావాడికొచ్చు. అది వాడి పక్కింటావిడ నవ్వు."

మూతి తిప్పినావిడే పడీ పడీ నవ్వింది.

దర్జీ ఆమె మాత్రం సూదిలో దారం ఎక్కిస్తూ ఉండిపోయింది. పెద్దాయన నవ్వుతున్న మనిషిని వదిలేసి, నవ్వని ఆమె మొహంలోకే చూశాడు.

'లేకలేక పుట్టుంటాడు,' అనుకుంది ఆమె. 'అందుకే ఈ మురిపెం.'

ఆమెకీ ఒక కొడుకున్నాడు. ఎనిమిదేళ్ళు. నత్తి. 'అమ్మా' అనడానికే ఆయాసపడేవాడు. ఈమధ్య ఆ పిలుపు కూడా మానేశాడు. నీళ్ళు కావాలన్నా వేలితో చూపించడమే. మొగుడు పోయాక దుకాణమే ఆమెకు దిక్కు. తెల్లారేసరికి వచ్చి తలుపులు తీయాలి. పిల్లాణ్ణి బడివ్యాను ఎక్కించేదీ దింపుకొచ్చేదీ వాడి తాతే.

ఒకరోజు బడికి రమ్మని కబురొచ్చింది.

"పలకమంటే పలకడు. ఇలాంటి పిల్లలకి వేరే బళ్ళుంటాయి, చూసుకోండి," అన్నారు.

ఆమె దుకాణానికి తిరిగొచ్చేసరికి పెద్దాయన గడపలోనే ఉన్నాడు, చొక్కాతో, గుండీతో.

"ఇవాళ మావాడు ఏం చేశాడో తెలుసా తల్లీ..."

"ఆపండి!"

కత్తెర బల్లమీద ఠక్కున పడింది.

"పొద్దస్తమానం మావాడు, మావాడు! 'అమ్మా' అనడానికి నోరు తిరగని పిల్లలుంటారు లోకంలో. వాళ్ళ తల్లులముందు కూర్చుని చెప్పుకునే గొప్పలేనా ఇవి? ఇంకోసారి మీవాడి ఊసు నా కొట్లో ఎత్తకండి!"

పెద్దాయన నోరు తెరిచాడు. ఏదో మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాడు.

"తప్పైపోయింది తల్లీ."

చొక్కా బల్లమీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆమె గుండీ కుట్టి కొక్కేనికి తగిలించింది. ఆయన రాలేదు. అన్న మాట ఆమెను ముల్లులా గుచ్చుతూనే ఉంది. వస్తే 'ఏమనుకోకండి బాబాయ్' అందామనుకుంది. రాలేదు.

ఇంట్లో ఇంకో తంటా. ఒక పొద్దున ఆమె కొట్టుకి బయల్దేరకముందే లేచి, పిల్లాడు వ్యాను ఎక్కనని మొండికేశాడు.

"కొత్త డ్రైవరంటే బెరుకేమోనమ్మా," అన్నాడు వాళ్ళ తాత.

"బెరుకా, గిరుకా! ఎగ్గొట్టే వేషాలు," అంటూ వాడి వీపుమీద ఒక్కటిచ్చింది. వాడు ఏడవను కూడా ఏడవలేదు.

ఆ మధ్యాహ్నమే ఒక పెద్దావిడ దుకాణానికి వచ్చింది.

"మా ఆయన చొక్కా ఉండిపోయిందమ్మా ఇక్కడ. బూడిదరంగుది."

"బాబాయ్ రాలేదేం పిన్నీ?"

"పోయారమ్మా. గుండెపోటు. పదిరోజులైంది."



"అయ్యో... మరి మీవాడు? అంత చిన్నపిల్లాడు, ఎలా తట్టుకుంటున్నాడు?"

"మాకు పిల్లల్లేరమ్మా."

"అదేంటి! మావాడు, మావాడు అని నోరు నొప్పెట్టేలా చెప్పేవారు?"

పెద్దావిడ కొక్కేనికున్న చొక్కా అందుకుంది.

"బడివ్యాను నడిపేవారమ్మా ఆయన. మావాడంటే... మీవాడే తల్లీ."

ఆమె మిషను వదిలేసి లేచి నిలబడింది.

"ముందు సీట్లో ఈయన పక్కనే కూర్చునేవాడట. సొంత మాటలకి తడబడతాడు గానీ, ఇంకొకళ్ళ గొంతుతో మాట్లాడితే ఒక్క అక్షరం తప్పడట. 'బాగా వచ్చాక అమ్మకి నేనే చేసి చూపిస్తా, నువ్వు చెప్పొద్దు' అని ఒట్టేయించుకున్నాడట. ఈయన ఆ ఒట్టు తప్పలేదు."

"నేను... నేను తిట్టిన రోజైనా చెప్పి ఉంటే..."



"చెప్పమనే అన్నాన్నేను. అసలు గుండీ కుట్టడం నాకు రాదా అమ్మా? నా కళ్ళముందే పటుక్కున తెంపుకుని నీ దగ్గరికి బయల్దేరేవారు. ఇదేం చోద్యమండీ అని ఒకరోజు గట్టిగా నిలదీశాను."

"ఏమన్నారు?"

"వాడికి అందరి నవ్వులూ వచ్చుగానీ నీ నవ్వు ఎప్పుడూ వినలేదట, 'మా అమ్మ ఎలా నవ్వుతుందో ఒక్కసారి చూసొచ్చి చెప్పు తాతా' అని ఈయన్ని అడిగాడట, అందుకని తల్లీ."