ధైర్యం మాస్టారు లిఫ్టు ఎక్కిన రోజు

“రేపు పదింటికి రమ్మన్నారు డాక్టరు గారు. పిల్లతో పాటు తండ్రి కూడా రావాల్సిందేనట,” అంది భార్య, అపార్ట్‌మెంట్ గేటు దాటుతూ.

“మనసుకి డాక్టరేమిటే? ఊరందరి పిరికితనం వదలగొట్టేవాణ్ణి నేను ఇంట్లో ఉండగా? నలుగురికీ తెలిస్తే నా క్లాసుకి ఇంకెవడొస్తాడు?” అన్నారు ధైర్యం మాస్టారు.

ఆ బిరుదు ఆయన తనకు తానే ఇచ్చుకున్నది. వారం వారం ఒక హాలు అద్దెకు తీసుకుని, జనం చేత గుండెల మీద చెయ్యి వేయించి, “నాకు భయం లేదు” అని మూడుసార్లు అనిపించి పంపిస్తారు. ఆ పాచిక కూతురి దగ్గర మాత్రం పారలేదు. పదో తరగతి పిల్ల. స్కూలు గేటు కనబడగానే చెమటలు పట్టి, ఊపిరాడక వెనక్కి వచ్చేస్తోంది. రాత్రిళ్లు నిద్ర లేదు, ముద్ద దిగదు. వాటికి ఆయన పెట్టిన పేరు వేషాలు.

వాళ్ల ఇల్లు ఐదో అంతస్తులో. మాస్టారు ఎప్పుడూ మెట్లే ఎక్కుతారు. ఎందుకని అడిగితే వ్యాయామం అంటారు. ఆ రోజు చేతిలో క్లాసు నుంచి తెచ్చిన స్పీకరు పెట్టె ఉంది.

“అంత బరువుతో మెట్లేం ఎక్కుతారు, నడుం పట్టేస్తుంది. లిఫ్టులో వెళ్లండి,” అంది భార్య. “ట్యాంకులో నీళ్లు అడుగంటాయి. నేను మోటారు వేసొస్తా.” అంటూ లిఫ్టు పక్కనున్న మీటర్ల గదిలోకి వెళ్లింది.

వాళ్లకంటే ముందు నడిచిన కూతురు అప్పటికే లిఫ్టులో నిలబడి ఉంది. పిరికిపిల్ల ఎక్కాక ధైర్యం మాస్టారు ఎక్కకపోతే ఏం బాగుంటుంది? మీసం సర్దుకుని ఎక్కారు.

మొదటి అంతస్తు దాటిందో లేదో, లిఫ్టు ఆగిపోయింది. దీపం ఆరింది.

“కరెంటు పోయినట్టుంది,” అంది కూతురు.

“నాకు భ...” అని మొదలుపెట్టారు మాస్టారు. మంత్రం అక్కడే ఆగిపోయింది. చొక్కా గుండీలు పీక్కున్నారు. తలుపు బాదారు. చివరికి పెట్టె మీద కూలబడ్డారు.

“ప్రాణం పోతోందే...”

“పోదు నాన్నా. నా చెయ్యి పట్టుకో. పాదాలు నేలకి గట్టిగా ఆనించు. నాతో పాటు మెల్లగా గాలి వదులు. భయం కాసేపు పెరుగుతుంది, తర్వాత దానంతట అదే తగ్గుతుంది.”

“నీకెలా తెలుసు?”

“నాకు రోజూ ఇంతేగా. స్కూలు గేటు దగ్గర. నువ్వు వేషాలంటావే, అవే ఇవి.”

ఆయనకు సిగ్గేసింది. తాను పట్టుకున్న చిన్న చెయ్యి కూడా చల్లబడి వణుకుతోందని అప్పుడే తెలిసింది. అయినా ఆ పిల్ల గొంతు మాత్రం తడబడలేదు.

“రేపు పదింటికే కదా?” అన్నారు మాస్టారు. “వస్తాను. ఈ లిఫ్టు సంగతి మాత్రం మీ అమ్మకి చెప్పకు.”

“చెప్పను,” అంది కూతురు. తలుపు మీద మూడుసార్లు తట్టింది.

“ఎందుకే?”

“ఎవరికైనా వినబడుతుందేమోనని.”

ఇంతలో దీపం వెలిగింది. లిఫ్టు కిందికే దిగి తెరుచుకుంది. మాస్టారు పెట్టె అక్కడే వదిలేసి, గుండీలు పెట్టుకుంటూ, “వ్యాయామం,” అని మెట్లకేసి నడిచారు.

మొదటి మలుపు తిరుగుతుండగా కింద నుంచి భార్య గుసగుస వినిపించింది.

“నువ్వు తట్టగానే లిఫ్టు స్విచ్ మళ్లీ వేసేశానే.”