ఎడమ జేబు

"బొమ్మా, బొరుసా? ఓడినవాళ్లు నాన్నకి కిడ్నీ ఇవ్వాలి," అన్నాడు మెజీషియన్, కోటు ఎడమ జేబులోంచి నాణెం తీస్తూ.

ఇద్దరిలో ఎవరిదైనా సరిపోతుందని డాక్టరు ఇప్పుడే చెప్పి వెళ్లాడు.

"బొరుసు," అంది చెల్లెలు. అతని ప్రతి షోలోనూ పక్కన నిలబడేది ఆమే.

నాణెం ఎగిరి అతని అరచేతిలో పడింది. బొమ్మ.

"సరేలే, నేనే ఇస్తాను. ఆ నాణెం ఇటివ్వు అన్నయ్యా, గుర్తుగా దాచుకుంటా."

అతని వేళ్లు అలవాటైన పని చేసేశాయి. రెండువైపులా బొమ్మే ఉన్న నాణెం వేళ్ల సందుల్లోకి జారిపోయింది, ఆమె చేతిలో మామూలుది పడింది.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది.

"అబ్బ, ఎంత బాగా మార్చేశావు! కళ్లార్పకుండా చూసినా దొరకలేదు."

అతను తలెత్తలేకపోయాడు. "నీకు... ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు ఎడమ జేబులో చెయ్యి పెట్టినప్పుడే. నీ కోటు సర్దేది నేనేగా, ఆ దొంగ నాణేన్ని ఎప్పుడూ అటే పెడతాను. పాపం, భయపడుతున్నావనిపించింది. అందుకే బొరుసన్నాను."