ఆదివారం దగ్గు

నా భార్య జయకుమారిని చంపింది మిరప ఘాటు కాదు. చెత్త పొగ.

మా పెరటి గోడ అవతల మున్సిపాలిటీ వాళ్ళు పన్నెండేళ్ళు ఊరి చెత్తంతా పోసి తగలబెట్టారు.

ఇప్పుడు అక్కడ కార్లు పెట్టుకోమంటున్నారు.

బూడిద మీద ఎర్రమట్టి తోలి, సిమెంటు పలకలు పరిచి, తెల్ల గీతలు గీశారు. బజార్లో బళ్ళు ఆగిపోయి పొగ ఎక్కువైందట. అందుకని ఏ బండైనా ఇక్కడే పెట్టాలట, గంటకి ఇంతని కట్టాలట. గేటు పక్కన గాలి ఎలా ఉందో చెప్పే తెర ఒకటి తగిలించారు. పచ్చ రంగులో ‘బాగుంది’ అని వస్తుంది.

జయకుమారి పోయి పద్నాలుగు నెలలు.

చెత్త తగలబెట్టొద్దని ఆమె పెట్టుకున్న అర్జీకి వాళ్ళిచ్చిన జవాబు నా దగ్గరుంది.

“అర్జీదారు మిర్చి యార్డులో తొడిమలు తీయు కూలీ. దగ్గు మిరప ఘాటు వలన వచ్చినది. పొగతో సంబంధము లేదు. అర్జీ పరిష్కరించబడినది.”

కింద శానిటరీ ఇన్‌స్పెక్టర్ సంతకం. ఇమ్మానియేలు.

మా పల్లె బడిలో ఐదో తరగతి దాకా వాడూ నేనూ ఒకే బల్ల. ఇప్పుడు ఒకే చర్చి.

మొన్న సోమవారం పొద్దున్నే నా మోపెడ్‌ని ఆ గేటుకి అడ్డంగా పెట్టి స్టాండు వేశాను.

టికెట్లు కొట్టే పొదుపు సంఘం అంకమ్మ పరిగెత్తుకొచ్చింది.

“లోపల పెట్టుకో అన్నా. గంటకి ఇరవై.”

“లోపల పెట్టను.”

“మరి తియ్యి.”

“తియ్యను.”

“ఎండకి బుర్రగానీ తిరిగిందా ఏంది నీకు?”

“ఇమ్మానియేల్ని పిలువు. వాడొస్తే తీస్తా.”

వెనక కార్లు ఆగాయి. హారన్లు మొదలయ్యాయి. అద్దంకి నుంచి వచ్చిన పత్తి వ్యాపారి ఒకాయన కిటికీలోంచి తల బయట పెట్టాడు.

“ఓ పెద్దాయనా! ఇదేమన్నా మీ అత్తారిల్లా, గుమ్మానికడ్డంగా కూర్చోడానికి?”

“కాదు. నా పెరడు.”

ఏడు కార్లు పోగయ్యాక ఇమ్మానియేలు స్కూటర్ మీద వచ్చాడు.

“ఏందిరా బుల్లయ్యా ఈ రచ్చ? ఆ టికెట్ డబ్బులు నేను కడతాలే. జరుగు.”

“కట్టొద్దు. రాయి.”

జేబులోంచి ఆ జవాబు కాగితం తీసి మోపెడ్ సీటు మీద పరిచాను.

“ఏం రాయాల?”

“మిరప ఘాటు కొట్టేసి చెత్త పొగ అని రాయి.”

“ఫైలు మూసి రెండేళ్ళయిందిరా. ఇప్పుడు రాసినా చెల్లదు.”

“చెల్లకపోయినా రాయి.”

“తొడిమలు తీసేవాళ్ళకి దగ్గు మామూలేరా. ఎవర్నైనా అడుగు.”

“ఘాటుకి తుమ్ములొస్తాయి, కళ్ళు మండుతాయి. యార్డు గేటు దాటితే పోతాయి. మన దగ్గర పుట్టినవాడివే కదా, నీకు తెలవదా?”

వాడు స్కూటర్‌కి స్టాండు వేశాడు.

“యార్డుకి సెలవెప్పుడు?”

“ఆదివారం.”

“ఆదివారం మా ఆవిడ ఎక్కడుండేది?”

వాడు ఆ పచ్చ తెర వంక చూశాడు.

“చెప్పరా.”

“ఇంట్లో. ఆనక చర్చిలో.”

“మిరప గుట్టల మధ్య కూర్చుంటే ఊపిరాడేదిరా దానికి. ఇంట్లో ఆడేది కాదు. ఆదివారం లేచిన కాణ్ణుంచి దగ్గే. పాట సగంలో బయటికెళ్ళి మెట్ల మీద కూర్చునేది. నువ్వు ముందు వరసలోంచి వెనక్కి తిరిగి చూసేవాడివి. ప్రతి వారం చూశావు.”

పత్తి వ్యాపారి కారు ఇంజను ఆపేశాడు.

“తెలుసురా,” అన్నాడు ఇమ్మానియేలు. గొంతు తగ్గించాడు. “పైవాళ్ళు అట్టా రాయమన్నారు. పొగ అని రాస్తే తగలబెట్టడం ఆపాల. చెత్త పోయడానికి ఇంకో చోటు లేదన్నారు.”

“కార్లకి దొరికిందిగా చోటు.”

వాడు జేబులు తడుముకున్నాడు. పై జేబులో పెన్ను కనపడుతూనే ఉంది. అంకమ్మే తన చేతిలోది తీసి ఇచ్చింది.

‘మిరప ఘాటు’ కొట్టేశాడు. పైన ‘చెత్త పొగ’ అని రాశాడు. సంతకం పెట్టాడు. తేదీ వేయలేదు. వేయించాను.

నేను చెప్పకుండానే కింద ‘పరిష్కరించబడినది’ కూడా కొట్టేశాడు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇరవై రూపాయలు తీసి అంకమ్మకిచ్చాను. వద్దంది. గంటసేపు నిలబెట్టానని చెప్పి టికెట్ కొట్టించుకున్నాను.

బండి స్టార్టు చేస్తుంటే ఇమ్మానియేలు హ్యాండిల్ పట్టుకున్నాడు.

“రాశాగదరా. ఇంక మనసులో పెట్టుకోమాక. ఆదివారం ప్రార్థనయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం.”

వాడి వేళ్ళు హ్యాండిల్ మీద నుంచి విడదీశాను.

“రాయమన్నాను. మాట్లాడదామనలేదు.”

ఆ తర్వాత మా అమ్మాయి మహిమ ఫోన్ చేసి ఏం జరిగిందని అడిగింది. ఇమ్మానియేలు తరఫున పాస్టరు గారు ఇంటికొచ్చారు. మంచినీళ్ళిచ్చి పంపాను.

ఇదిగో, అందరూ అడుగుతున్నారని ఒక్కసారికి రాశాను. ఇక ఈ సంగతి నేను మాట్లాడను. వాడితోనూ, మీతోనూ.