క్యాంపుకు పదిమంది

“అక్కా, నీకు దణ్ణం పెడతా, ఏసయ్య పేరు మాత్రం ఎత్తకు!”

జీపు దిగబోతున్న భానుశ్రీ చున్నీ పట్టుకుని మరీ చెప్పాడు తమ్ముడు కిశోర్.

బస్తర్ అడవుల్లోని బాసగూడ సంత కిటకిటలాడుతోంది. జీపు ఆగగానే ఇప్పపువ్వు తూచేవాళ్ళు తూకం ఆపి వీళ్ళ వైపు చూశారు.

“ఎత్తకుండా ఎలారా? చర్చి క్యాంపుకి మనుషులు కావాలని అడగొద్దూ?”

“ఉత్త క్యాంపు అను, చాలు. ఈమధ్య ప్రార్థన మాటెత్తితే గొడవలవుతున్నాయని పాస్టరుగారే అన్నారుగా. ఇక్కడ ఎవడెలాంటోడో మనకేం తెలుసు?”

ఎల్లుండే తమ ఊరు కిరండూల్‌లో పిల్లల వేసవి క్యాంపు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నూట ఇరవై మంది పిల్లలు వస్తారు. వాళ్ళని చూసుకుంటామన్న వాలంటీర్లలో పదిమంది భయపడి మానేశారు. సాయంత్రంలోగా ఆ పదిమందీ దొరక్కపోతే క్యాంపు రద్దు అని పాస్టరుగారు తేల్చేశారు. “దేవుడే పంపిస్తాడండీ, నాదీ పూచీ!” అని అందరి ముందూ చెప్పి వచ్చింది తనే.

కళ్ళు మూసుకుంది. ‘ప్రభువా, నీ పేరు చెప్పే ధైర్యం లేదు. ఏమనుకోకు. మనుషుల్ని మాత్రం పంపు.’

జీపు మెట్టెక్కి అరిచింది. “క్యాంపులోకి భర్తీ! పదిమంది కావాలి! తిండీ బసా మావే!”

బేరాలు ఆగిపోయాయి. కోడిని కొంటున్నవాడు ఆ కోడిని అలాగే చంకలో పెట్టుకుని నిలబడిపోయాడు. ఒకామె కూతురి రెక్క పట్టుకుని జనంలోంచి బరబరా లాక్కుపోయింది.

ఓ ముసలామె మాత్రం నేరుగా వచ్చి భానుశ్రీ మణికట్టు పట్టుకుంది.

“ఏంది పిల్లా, మళ్ళ వచ్చిన్రా? మా పిల్లలే దొరికిన్రా మీకు?”

“అది కాదు మామ్మా, వారం రోజులే. తర్వాత ఇంటి దగ్గర దింపేస్తాం.”

“ఎట్ల దింపుతరు? నడిసొస్తరా, మోసుకొస్తరా?”

జనం జీపు చుట్టూ మూగుతున్నారు. చాలామంది భుజాన గొడ్డళ్ళు. కిశోర్ ఇంజను స్టార్ట్ చేసేశాడు.

“అక్కా, మనమెవరో తెలిసిపోయింది వీళ్ళకి. ఎక్కెయ్!”

ఎక్కాలంటే ముసలామె చెయ్యి వదలాలిగా! అప్పుడే గుంపును తోసుకుంటూ ఓ యువకుడు వచ్చాడు.

“ఇర్మె అవ్వా, ఇడువు. నువ్వు పో.” ముసలామె వేళ్ళు విడదీసి ఇటు తిరిగాడు. “నా పేరు సుక్కా. నిజంగనే భర్తీనా, మేడం?”

“నిజమే.”

“లోకల్ వాళ్ళను తీసుకుంటరా?”

“లోకల్ వాళ్ళే కావాలి. గోండీ వచ్చుండాలి.”

“డ్రెస్సు?”

“టీషర్టు, టోపీ, విజిలు.”

“పొద్దుగాల పరుగుంటదా?”

“లేవగానే అదే.”

“ఆడోళ్ళను తీసుకుంటరా?” వెనక నుంచి ఓ అమ్మాయి తల పైకెత్తి అడిగింది.

“సగం మంది ఆడవాళ్ళే కావాలి!”

సుక్కా గొంతు బాగా తగ్గించాడు. “మా పేర్లు ఊర్ల ఎవలకు చెప్పరు గద?”

“చచ్చినా చెప్పను. నేనే వణుక్కుంటూ వచ్చాను బాబూ.”

“మీరు గూడ భయపడ్తరా!” పక్కున నవ్వాడు.

“నువ్వు భయపడవా? ఊళ్ళో వాళ్ళకి తెలిస్తే ఊరుకుంటారా?”

“ఊకోరు. గని ఎన్నొద్దులు భయపడాలె మేడం? ఒకదిక్కు నిలబడాలె గద.”

భానుశ్రీ ఒళ్ళు పులకరించింది. ఈ మాట విశ్వాసి తప్ప ఇంకెవరంటారు? నోరు విప్పి చెప్పుకోలేని తనలాంటి విశ్వాసి!

సుక్కా వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. మిరపకాయల దుకాణం వెనక నుంచి ఇద్దరు. సైకిళ్ళ దగ్గర నుంచి ఆరుగురు. అందరూ వచ్చి జీపు పక్కన ఛాతీలు విరిచి వరసగా నిలబడ్డారు. సుక్కాతో, ఇందాకటి అమ్మాయితో కలిపి సరిగ్గా పది!

“ఎక్కండి, ఎక్కండి!”

జీపు కదిలింది. ఇర్మె నేల మీద కూలబడి తల బాదుకుంటోంది. ఎవరో విసిరిన రాయి వెనక రేకుకు ఠంగున తగిలింది. కిశోర్ గేరు మార్చి వేగం పెంచాడు. సంత దాటి, వంతెన దాటి, మలుపు తిరిగాక గానీ భానుశ్రీకి ఊపిరాడలేదు.

“చూశావా కిశోర్? తన పేరు చెప్పకపోయినా పంపించాడు రా! లెక్కకి పది!”

కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. “మీ అందరికీ చాలా థాంక్స్. ఏమైనా అడగాలా?”

ఆ అమ్మాయి సిగ్గుపడుతూ చెయ్యెత్తింది.

“మేడం, పోలీసు తుపాకులు ఇయ్యాల్నే ఇస్తరా, క్యాంపుకు పోయినంక ఇస్తరా?”