కంపెనీ షామియానాలో

సర్కారు ఆఫీసరు కంపెనీ కారులోంచి దిగాడు.

ఆయన కూర్చున్న కుర్చీ కంపెనీది. షామియానా కంపెనీది. మమ్మల్ని సచిన్ ఊళ్లోని ఈ మైదానానికి తెచ్చిన బస్సూ కంపెనీదే.

రంగుల మిల్లులో ఇంకో నాలుగు బాయిలర్లు పెడతారట. చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఏమన్నా ఇబ్బందా అని సర్కారు అడుగుతుందట. ఇంటికొక ఆడమనిషి రావాలని మేముండే కంపెనీ క్వార్టర్లన్నీ తిరిగి చెప్పిపోయారు.

పొద్దున డ్యూటీకి పోతూ నా పెనిమిటి రఘుపతి ఒకటే మాట అన్నాడు.

"ఇబ్బంది లేదను. గంతే. నౌకరీ పోతే రూమ్ గుడ పోతది, యాదుంచుకో."

ఒకసారి కడోదరాలో నౌకరీ పోయిన ఎవరిదో ఇంటి సామాను రోడ్డు మీద పడి ఉండడం చూశాను. కుక్కర్ మీద చిన్నపిల్లను కూర్చోబెట్టారు. అప్పటి నుంచి నాకు ఆ కుక్కర్ మాదే అనిపిస్తుంది.

నా బిడ్డ సంతోషిని ఇవాళ బడి మాన్పించి వెంట తెచ్చాను. ఏడో తరగతి పిల్ల. నేను లేనప్పుడు దానికి ఊపిరి అందక దమ్ము ఆగిపోతే ఎవరు చూస్తారు?

ఆఫీసరు మైకులో గుజరాతీలో చాలాసేపు మాట్లాడాడు. సంతోషి నా చెవిలో తెలుగు చేసి చెప్పింది.

సర్కారు నెత్తిన చానా అప్పు ఉందట. ఇక్కడ దవాఖానా కట్టడానికి పైసలు లేవట. బాయిలర్లు వస్తే కంపెనీయే కట్టిస్తుందట.

పక్కనున్న రాజమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"సర్కారు గుడ మన లెక్కనే ఉద్దెర పెట్టిందా ఏంది?"

"జర మెల్లగ, అక్కా."

"ఉద్దెర పెట్టినోళ్లు షావుకారు ముంగట నోరెత్తుతరానే?"

నాకంటే ముందు లేచిన ఆరుగురు ఆడవాళ్లూ ఇబ్బంది లేదనే చెప్పారు. చెప్పి వచ్చిన వాళ్లకు తినడానికి ఫాఫ్డా పొట్లం ఇచ్చారు.

నా పేరు పిలిచారు.

మైకు పక్కన కూలీలను తెచ్చే ముకద్దం రాంప్రసాద్ నిలబడి ఉన్నాడు. మా జగిత్యాల దిక్కు మనిషే. రఘుపతిని మిల్లులో పెట్టించింది ఆయనే. మా తెలుగును ఆఫీసరుకు గుజరాతీలో చెప్పడం ఇవాళ ఆయన పని.

"బుగులు పడకు వదినా. తెలుగులనే చెప్పు. సార్‌కు నేను చెప్త."

ఇబ్బంది లేదన్న మాట నాలుక మీదే ఉంది. వెనుక సంతోషి దగ్గింది. ఆగకుండా దగ్గింది.

"సారూ, నా బిడ్డకు దమ్ము ఆడ్తలేదు. ఉన్న పొగకే నాలుగు మెట్లు ఎక్కలేకపోతుంది. ఇంకో నాలుగు బాయిలర్లు వద్దు సారూ."



రాంప్రసాద్ నా ముఖం వైపు చూశాడు. మైకు తన వైపు తిప్పుకుని గుజరాతీలో చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు.

ముందు వరుసలో చప్పట్లు కొట్టారు.

ఎందుకు కొట్టారో నాకు తెలియలేదు.

సంతోషి లేచి మైకు దగ్గరికి ఉరికి వచ్చింది.

"అమ్మా, దవాఖానా కట్టిస్తున్నందుకు నువ్వు కంపెనీకి దండం పెట్టినవని చెప్పిండు! నువ్వు గట్ల అనలే కదా?"

ఆఫీసరు దిక్కు తిరిగి "సాహెబ్" అంది. మిగతా మాట దగ్గులో పోయింది.

ఆఫీసరు కలం ఆపి తలెత్తాడు. ఏమైంది బెన్, అంటే అక్కా, అని నన్నే అడిగాడు. ఆ మాత్రం గుజరాతీ నాకూ తెలుస్తుంది.

రాంప్రసాద్ మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వదినా, రఘుపతన్న ఇయ్యాల డ్యూటీల ఉన్నడు గద?"

నేను సంతోషిని దగ్గరికి లాక్కున్నాను. దాని నోటి మీద చెయ్యి పెట్టాను. దగ్గు వేడిగా అరచేతికి తగిలింది.

"కంఈ నథీ, సాహెబ్," అన్నాను. ఏమీ లేదని.

ఈ మాటను రాంప్రసాద్ తిప్పి చెప్పే పని లేకపోయింది.

ఆఫీసరు తల ఊపి, అదే రాసుకున్నాడు.